అమ్మలూ, ముందు బెల్టు చూడు

అమ్మలూ,

నువ్వు చెక్కని తిప్పి గిన్నెలు చేసే లేత్ కొన్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెప్పి ఒక్క క్షణం ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆ మౌనం సంగతి కాసేపట్లో రాస్తాను.

రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత తరిమెన, అంటే ఈ లేత్, పట్టే చెయ్యి ఇక లేదనుకున్నాను. నీకు ఐదేళ్ళప్పుడు నా లేత్ కింద రాలిన తరుగులో పొడుగాటి చుట్టలు ఏరుకుని, జుంకాలని చెవులకు తగిలించుకుని ఇల్లంతా తిరిగేదానివి. ఆ పిల్ల ఇప్పుడు తన చేత్తో గిన్నెలు తిప్పుతానంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. భయంగానూ ఉంది. రెండూ కలిసి ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

ముందు కోప్పడతాను, ఏమనుకోకు. లేత్ వచ్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే 14 అంగుళాల దుంగ ముక్క సిద్ధం చేసుకున్నావట. దాన్ని గోడకి చేరేసి పెట్టు. మొదటి పది గిన్నెలూ ఆరేడు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం దాటకూడదు. బెరడు, పగులు, బుడిపె లేని ముక్క వెతుక్కో. దుంగ నడిమధ్య చుక్క గిన్నెలోకి రానివ్వకు, ఎండేటప్పుడు పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. చేతిపనిలో పెద్ద ముక్కతో నేర్చుకునేదేదీ చిన్న ముక్కలో లేకుండా పోదు. ప్రమాదం మాత్రం చిన్నదవుతుంది.

నీకు తెలిసినవే గబగబా చెప్పేస్తాను. కళ్ళజోడు చాలదు, ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకో. జుట్టు ముడి వేసుకో, చున్నీ, గాజులు, ఉంగరాలు తీసెయ్. పొడుగు చేతుల చొక్కా వద్దు. చేతికి గ్లవ్స్ అసలే వద్దు, చెక్క వాటిని పట్టుకుందంటే వేళ్ళతో సహా లాక్కుంటుంది. ముక్కని బిగించి పట్టే చక్ తాళంచెవి చక్‌లో వదలకు. స్విచ్ వేసే ముందు ముక్కని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, ఉలి ఆనించే టూల్ రెస్ట్‌కి ఎక్కడా తగలట్లేదని చూసుకో.

ఇక బెల్టు సంగతి.

మీ నాన్న ఎడమ చెయ్యి గురించి ఇంట్లో నువ్వు విన్న కథ ఇది: చిన్నప్పుడు మిషన్ మీంచి కొయ్య ఎగిరొచ్చి తగిలింది. వాడు దాన్ని నవ్వుతూనే చెబుతాడు. నన్ను కాపాడటానికి ఇన్నేళ్ళుగా అలాగే చెబుతున్నాడు. కొయ్య దానంతటది ఎగరలేదు, అమ్మలూ. నేను ఎగరగొట్టాను.

నాకు 19 ఏళ్ళు, వాడికి 14. నేను పని నేర్చుకుంటున్న షాపులో వాడు బడి అయ్యాక వచ్చి తరుగు ఊడ్చేవాడు. ఆ లేత్‌కి వేగం మార్చాలంటే మోటార్ వదులు చేసి, బెల్టుని ఒక మెట్టు పుల్లీ నుంచి ఇంకో మెట్టుకి చేత్తో మార్చాలి. రెండు నిమిషాల పని. ఆ రోజు పొద్దుటి నుంచి సన్నటి ఉలి పిడులు తిప్పుతున్నాను, వాటికి వేగం ఎక్కువ కావాలి కాబట్టి బెల్టు నిమిషానికి 2000 చుట్లు తిరిగే మెట్టు మీద ఉంది. సాయంత్రం మా గురువుగారు మొదటిసారి పెద్ద గిన్నె చెయ్యమని 12 అంగుళాల ముక్క ఇచ్చారు. నా సంబరం చూడాలి. దాన్ని లేత్ మొనకుండే ఇనుప పళ్ళెం, ఫేస్‌ప్లేట్‌కి నాలుగు స్క్రూలతో బిగించాను. అంచు దగ్గర సన్నటి నెర్రె కనిపించింది, తిప్పేస్తే పోతుందిలే అనుకున్నాను. ముక్కని అవతలి వైపు నుంచి నొక్కి పట్టే టెయిల్‌స్టాక్ తెచ్చి ఆనించలేదు, ముందు భాగం చదును చెయ్యడానికి అడ్డమని.

గురువుగారు అవతలి గదిలోంచి అడిగారు, "బెల్టు మార్చావా?"

"ఆ, మార్చానండీ" అన్నాను.

మార్చలేదు. మరిచిపోయి అన్న మాట కూడా కాదది. మార్చలేదని ఆ క్షణంలో నాకు తెలుసు. స్విచ్ ఒక్కసారి వేసి చూసి, తర్వాత మారుద్దామనుకున్నాను. రెండు నిమిషాలు ఆగలేకపోయాను.

నేను స్విచ్ దగ్గర, పక్కకి నిలబడి ఉన్నాను. మీ నాన్న చీపురు పట్టుకుని లేత్‌కి అవతలి వైపు, ముక్కకి సూటిగా నిలబడ్డాడు. అన్నయ్య పెద్ద గిన్నె చేస్తున్నాడని చూడ్డానికి. స్విచ్ వేశాను. ముందు లేత్ మొత్తం ఊగింది, కాళ్ళు నేల మీద టకటకా కొట్టుకున్నాయి. ఆపుదామని చెయ్యి చాపేలోపే చప్పుడైంది. ముక్క ఆ నెర్రె వెంట రెండుగా చీలింది. ఒక సగం ఫేస్‌ప్లేట్ మీదే ఉంది. రెండో సగం వాడి ముంజేతికి తగిలింది. రెండు ఎముకలూ విరిగాయి.

తర్వాత ఎప్పుడో లెక్క వేసుకున్నాను. 12 అంగుళాల చెక్క నిమిషానికి 2000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకి దాదాపు 115 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అదే 500 చుట్లయితే గంటకి 29. వేగం నాలుగింతలైతే తగిలే దెబ్బలో శక్తి పదహారింతలు. ఆ సగం ముక్క జానెడు పైకి లేచి ఉంటే మీ నాన్న ఉండేవాడు కాదు. నువ్వూ ఉండేదానివి కాదు. ఈ వాక్యం రాయడానికి ఇంతకాలం పట్టింది నాకు.

ఎముకలు అతికాయి, కానీ ఆ అరచెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి తిరగదు. వాడు దోసిలి పట్టినప్పుడు చూడు, ఎడమ పక్క నుంచి నీళ్ళు కారిపోతాయి. నేను అది చూసిన ప్రతిసారీ చూపు తిప్పుకుంటాను.

గురువుగారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నెల రోజుల తర్వాత మళ్ళీ షాపుకి వెళితే నా చెయ్యి పట్టుకుని ఆగి ఉన్న బెల్టు మీద పెట్టారు. "నోటితో చెప్పకు, చేత్తో చూసి చెప్పు" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ నేను బెల్టు ముట్టుకోకుండా స్విచ్ వెయ్యలేదు.

నీ లేత్‌కి వేగం మార్చే నాబ్ ఉందని తెలుసు. అయినా లోపల బెల్టు ఉంటుంది, దానికి రెండు మూడు మెట్లుంటాయి. పైగా నాబ్ నిన్న సాయంత్రం ఎక్కడ వదిలావో అక్కడే ఉంటుంది. కాబట్టి ఇలా చెయ్యి. పని అయిపోయాక నాబ్ సున్నాకి తిప్పి వదులు. కొత్త ముక్క బిగించిన ప్రతిసారీ ప్లగ్ తీసేసి, మూత తెరిచి, బెల్టు ఏ మెట్టు మీద ఉందో వేలితో తాకి పైకి చెప్పు. ఎవరూ లేకపోయినా సరే. లెక్క కూడా గుర్తు పెట్టుకో: గిన్నె వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని నిమిషానికి చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. ఎనిమిది అంగుళాల ముక్కకి 750 నుంచి 1100 దాకా. ఇది గుండ్రంగా, సమతూకంగా ఉన్న ముక్క లెక్క. గరుకు ముక్క మొదటిసారి తిరిగేటప్పుడు ఇంతకన్నా బాగా తక్కువలో మొదలుపెట్టు. లేత్ వణికితే వేగం తగ్గించు, అంతేగాని దాని మీద చెయ్యి పెట్టి అదిమి పట్టుకోకు. టెయిల్‌స్టాక్ ఆనించే అవకాశం ఉన్నంతసేపూ ఆనించే ఉంచు. స్విచ్ వేసేటప్పుడు నువ్వు ముక్కకి సూటిగా నిలబడకు, ఒక అడుగు పక్కకి జరుగు.

గదికి లోపలి నుంచి గొళ్ళెం పెట్టించావా? బాబు నడక నేర్చాడన్నారు. గొళ్ళెం లేకుండా స్విచ్ వెయ్యకు. దీని గురించి వచ్చే వారం ఫోన్ చేసి అడుగుతాను, విసుక్కోకు.

ఇప్పుడు నా గుండె కాస్త కుదుటపడింది. పని గురించి రాస్తాను.

నీకు వచ్చిన ఉలుల సెట్టులో పెద్దది, వెడల్పాటిది, సగం గొట్టంలా వంగినది ఒకటి ఉంటుంది, రఫింగ్ గౌజ్. చూడ్డానికి బలంగా ఉంటుంది, గిన్నెకి ఇదే మంచిదేమో అనిపిస్తుంది. గిన్నెకి దాన్ని తాకించకు. అది బల్ల కాళ్ళలాంటి పొడుగు పనికి చేసింది, పిడిలోకి పోయే దాని మొదలు సన్నగా ఉంటుంది, గిన్నె మీద పట్టేసిందంటే అక్కడే విరుగుతుంది. గిన్నెకి బౌల్ గౌజ్ వాడు. లావాటి కడ్డీలో లోతుగా గాడి తీసి ఉంటుంది, అదే.

ఉలి ఎలా తాకాలంటే, ముందు టూల్ రెస్ట్ మీద ఆనాలి. తర్వాత బెవెల్, అంటే పదును వెనకున్న ఏటవాలు చెంప, చెక్క మీద ఆనాలి. అప్పుడింకా ఏమీ తెగదు, ఉత్తగా రుద్దుకుంటుంది. ఆ తర్వాత పిడిని మెల్లగా పైకెత్తుతూ ఉంటే పదును చెక్కని అందుకుంటుంది, తరుగు మొదలవుతుంది. ఈ వరస తప్పి పదునే ముందు తగిలితే ఉలి పట్టేస్తుంది. ఒక్కసారి పట్టేసిందంటే భుజం దాకా తెలుస్తుంది. చేతులతో తొయ్యకు, పిడిని పక్కటెముకలకి ఆనించుకుని నడుము నుంచి కదులు. సాయంత్రానికి చేతులు నొప్పెడితే తప్పు చేస్తున్నట్టు, తొడలు నొప్పెడితే సరిగ్గా చేస్తున్నట్టు.

బయటి వైపు అడుగు నుంచి అంచుకి కొయ్యి. లోపలి వైపు అంచు నుంచి నడిమికి. గిన్నె ముక్కలో నార అడ్డంగా ఉంటుంది కదా, ఇలా కోస్తే తెగే ప్రతి పోగుకీ కింద ఇంకో పోగు దన్నుగా ఉంటుంది. ఎదురు కోస్తే పోగులు లేచి చిరుగుతాయి. సరిగ్గా కోసినా చుట్టుకి రెండు చోట్ల నార కొసలు ఎదురొస్తాయి, గరుకు అక్కడే కనిపిస్తుంది. దాన్ని ఇసుక కాగితంతో పోగొట్టాలని గంటలు గంటలు రుద్దకు. ఉలికి మళ్ళీ పదును పెట్టుకుని తేలిగ్గా ఒక్క పొర తియ్యి. అసలు పదును పెట్టడం గిన్నెకి ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. గ్రైండర్‌తో పాటు ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే జిగ్ కూడా కొనుక్కో. కొత్త ఉలి ఇంకొకటి కొనడం కంటే అదే ముఖ్యం. పదునున్న ఉలికి చెక్క చేసే చప్పుడు వేరు, పట్టు చీర మడత విప్పినట్టు ఉంటుంది. మొద్దుబారితే గరగరమంటుంది, తరుగు పోయి రజను రాలుతుంది.

చక్ పట్టుకునేందుకు అడుగున వదిలే దిమ్మ చక్ లోపలి అడుగుని తాకకూడదు. దిమ్మ చుట్టూ ఉన్న భుజం చక్ దవడల పైఅంచు మీద కూర్చోవాలి, అప్పుడే గట్టిగా ఉంటుంది. లోపలి లోతు కంటితో అంచనా వెయ్యకు, మిషన్ ఆపి కొలుచుకో.

పచ్చి చెక్కతో చెయ్యాలనిపిస్తుంది నీకు, మెత్తగా, సరదాగా తెగుతుంది. చెయ్యి, కానీ ఒకేసారి పూర్తి చెయ్యకు. గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉండేలా వదిలి ఆపు, పది అంగుళాల గిన్నెకి ఒక అంగుళం. నార కొసలు తేలిన చోట మైనం పూసి, గాలి నేరుగా తగలని చోట పెట్టు. వారం వారం తూచి పెన్సిల్‌తో గిన్నె మీదే రాసుకో. కొన్ని వారాల పాటు బరువు మారకపోతే ఎండినట్టు. చెక్క పొడుగు వైపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది, అందుకని గుండ్రటిది కాస్తా కోలగా అవుతుంది. ఆ వదిలిన మందంలోంచే మళ్ళీ గుండ్రంగా తిప్పుకుంటావు. నెలలు పడుతుంది. నీకు ఓపిక తక్కువని తెలుసు. నాకూ ఉండేది కాదని పైన రాశాను.

ఇసుక కాగితం పట్టేటప్పుడు మాస్క్ తప్పనిసరి, దుమ్ము లాగే యంత్రం ఉంటే ఇంకా మంచిది. నేను ఎన్నో ఏళ్ళు మాస్క్ లేకుండా రుద్దాను. ఈ దగ్గు నువ్వు ఫోన్లో వింటూనే ఉన్నావు.

మొదటి గిన్నె అయ్యాక ఫోటో పంపు. గోడ మందంగా ఉన్నా, అడుగు వంకరగా ఉన్నా దాన్ని పొయ్యిలో పడెయ్యకు, నాకు దాచిపెట్టు.

మీ నాన్న నువ్వు పని చేస్తుంటే చూడ్డానికి వస్తాడు. రాకుండా ఉండలేడు. ముక్క తిరిగే గీతకి సూటిగా నేల మీద, గోడ మీద ఎర్ర రంగు పట్టీ వేసి పెట్టు. వాడు మామూలుగా వెళ్ళి ఆ పట్టీ మీదే నిలబడతాడు, అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది కాబట్టి. నువ్వు స్విచ్ మీంచి చెయ్యి తీసి, "నాన్నా, ఇటు రా" అని పిలిచి నీ పక్కన, మోటార్ వైపు నిలబెట్టుకో. తర్వాత బెల్టు ముట్టుకుని వాడికి వినపడేలా చెప్పు.

మీ పెదనాన్న