బీపీ పుస్తకంలో మొదటి అంకె కొట్టేయకు

చిట్టితల్లికి,

కడుపుతో ఉన్నావు కదా, ఇంట్లో బీపీ చూసి రాసుకోమని డాక్టరమ్మ చెప్పారట, మంచిది. మణికట్టుకు కట్టే మిషన్ వద్దు, మోచేతికి పైన దండకు కట్టేదే కొనండి. కొనేముందు టేపుతో దండ చుట్టుకొలత చూసుకో. చాలా మిషన్లతో వచ్చే మామూలు పట్టీ సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల దాకానే సరిపోతుంది. అంతకు మించితే పెద్ద పట్టీ అడగాలి. చిన్నది బిగించి చూస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. తెచ్చాక ఒకసారి ఆసుపత్రికి పట్టుకెళ్లి వాళ్ల మిషన్‌తో పోల్చి చూడు.

పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకో. కాఫీ తాగి అరగంట కావాలి, మూత్రానికి వెళ్లొచ్చి ఉండాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. కాలు మీద కాలు వేయకు. చేతి కింద దిండు పెట్టి పట్టీ గుండె ఎత్తుకు తెచ్చుకో, చేయి కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి. జాకెట్టు చేయి పైకి మడిస్తే అదే తాడులా బిగుస్తుంది, వదులు నైటీ వేసుకో. మిషన్ ఆగేదాకా మాట్లాడకు. పక్కకు ఒత్తిగిల్లి పై చేతికి చూస్తే తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకు.

నిమిషం ఆగి రెండోసారి చూసి, మొదటిసారి వచ్చిందీ రెండోసారి వచ్చిందీ రెండూ రాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎక్కువ వస్తే మంచి అంకె వచ్చేదాకా నాలుగైదుసార్లు చూసి చివరిదే రాస్తారు. డాక్టరు చేతికి వెళ్లే పుస్తకం అబద్ధం చెబితే మందు మోతాదు తప్పుతుంది తల్లీ.

ఇంట్లో 135/85 దాటుతూ ఉంటే తర్వాతి చెకప్ దాకా ఆగకుండా చూపించు. పైది 140 గానీ కిందిది 90 గానీ అయితే అదే రోజు ఫోన్ చెయ్యి. 160 గానీ 110 గానీ తాకితే ఐదు నిమిషాలాగి ఒక్కసారి చూడు. అలాగే ఉంటే రాత్రయినా సరే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరు. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, ముఖం ఒక్కసారిగా ఉబ్బడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా అంకె బాగుందని ఆగకు. ఒంట్లో ఏమీ తెలియకుండా బీపీ పెరగడం కూడా మామూలే, అందుకే మిషన్.

మీ అత్తయ్య బీపీ మాత్ర మాత్రం పొరబాటున కూడా వేసుకోకు. పెద్దవాళ్లు ఎక్కువగా వాడే టెల్మిసార్టాన్ లాంటివి కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. నీకిచ్చిన మందు బీపీ తగ్గిందని నీ అంతట మానొద్దు.

కాన్పయ్యాక మిషన్ అటక ఎక్కించకండి. మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్లీ పెరగొచ్చు, ఆరు వారాల వరకూ ప్రమాదం ఉంటుంది. బాలింతకు తలనొప్పి వస్తే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోవద్దని మీ అమ్మకు కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ