మేనల్లుడికి: కార్పొరేషన్‌ని కాగితం అడిగే పద్ధతి

చిరంజీవి మేనల్లుడికి, గుంటూరు నుంచి మావయ్య ఆశీస్సులు.

విజయవాడ కార్పొరేషన్‌కి ఇద్దామని నువ్వు వాట్సాప్‌లో పంపిన సమాచార హక్కు అర్జీ చదివాను. కోపం బాగా కుదిరింది, అర్జీయే కుదరలేదు. కొండ కింద రిటైనింగ్ వాల్, అంటే మట్టీ రాళ్లూ జారకుండా కట్టే గోడ, మీ ఇంటిదాకా ఎందుకు రాలేదు, దీనికి బాధ్యులెవరు, రేపు వానలొస్తే ఏం చేస్తారు అని అడిగావు. 2024 ఆగస్టు ఆఖరి రోజు వానకి మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. అక్కడి సున్నపుబట్టీల సెంటరుకి కూతవేటు దూరంలో ఉంటూ కంగారు పడకపోతేనే వింత. కానీ ఈ అర్జీకి వచ్చేది ఒక్క వాక్యమే: మీరు కోరినది సమాచారం నిర్వచనంలోకి రాదు, అని.

చట్టప్రకారం అది తప్పు జవాబని కూడా అనలేం. 2005 సమాచార హక్కు చట్టంలో సమాచారం అంటే ఆఫీసులో అప్పటికే ఉన్న రికార్డు. రికార్డులో లేని కారణాలు కొత్తగా రాసి ఇవ్వాల్సిన పని అధికారికి లేదు. 2010లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అందుకని 'ఎందుకు' అన్న మాట అర్జీలోంచి పూర్తిగా తీసెయ్.

నా సర్వీసంతా మునిసిపల్ ఆఫీసుల్లో, బల్లకి అవతలి వైపు గడిచింది కాబట్టి చెబుతున్నా. ప్రశ్న వస్తే గుమస్తా ఓ మాట వెతుక్కుంటాడు. కాగితం పేరు రాసి అడిగితే బీరువా తెరిచి ఫైలు తియ్యాల్సిందే. నువ్వు అడగాల్సింది ఇలా: మీ సందులో ఫలానా డోర్ నంబరు నుంచి ఫలానా డోర్ నంబరు వరకు, 2022 ఏప్రిల్ 1 నుంచి ఇప్పటిదాకా మంజూరైన రిటైనింగ్ వాల్ పనుల ఎస్టిమేటు, మంజూరు ఉత్తర్వు, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు, ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లులు, వీటి ధ్రువీకరించిన నకళ్లు. అంతే. తెలుగులోనే రాయి, ఆ హక్కు చట్టంలోనే ఉంది.

వీటన్నిట్లోకి ప్రాణం ఎం-బుక్. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, టేపు పట్టి కొలిచి, పొడవు ఎత్తు మందం తేదీతో సహా అందులో ఎక్కిస్తాడు. పైవాడు మళ్ళీ సరిచూసి సంతకం పెడతాడు. బిల్లు నడిచేది ఆ కొలతల మీదే. గోడ ఎక్కడి నుంచి ఎక్కడికి కట్టినట్టు లెక్క రాశారో ఆ పేజీలో ఉంటుంది. అది చేతికొస్తే నువ్వు ఎవరినీ దొంగ అనక్కర్లేదు, టేపు తీసుకుని సందులోకి వెళ్తే సరిపోతుంది. పునాది లోతు మాత్రం నీ టేపుకి అందదు. దానికి ఎస్టిమేటుతో పాటు డ్రాయింగు కూడా అడుగు. ఒకవేళ గోడ మీ ఇంటిదాకా అసలు మంజూరే కాలేదనుకో, అది కూడా ఎస్టిమేటులోనే బయటపడుతుంది. అప్పుడు నీ పోరాటం సమాచారం కోసం కాదు, మంజూరు కోసం. దాని దారి వేరు.

ఇంకో సలహా, దీన్ని జనం పెద్దగా వాడుకోరు. నకళ్లతో పాటు ఫైలు తనిఖీకి కూడా అవకాశం ఇమ్మని అదే అర్జీలో ఒక లైను రాయి. మన రాష్ట్ర నిబంధనల్లో మొదటి గంట ఉచితం, ఆపైన ప్రతి పావుగంటకి 5 రూపాయలు. ఫైలు నీ ముందు పెడితే నోట్‌ఫైలు కూడా తిరగెయ్యి. ఎవరు ఎప్పుడు ఏ సంతకం పెట్టారో, ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుందో అందులో తెలుస్తుంది. అడగాలని నీకు తట్టని కాగితాలు సగం అక్కడే కనిపిస్తాయి. కావలసిన పేజీలకి గుర్తు పెట్టి అవే తీసుకో. పేజీకి 2 రూపాయలు.

అర్జీ ఫీజు 10 రూపాయలు. కోర్టుల దగ్గర స్టాంపు వెండరు అమ్మే కోర్టు ఫీజు స్టాంపు అంటించు, లేదా కౌంటర్లో కట్టి రసీదు తీసుకో. తెల్లకార్డు ఉన్నవాళ్లకి ఫీజు లేదు, కార్డు నకలు జత చేస్తే చాలు. ఎందుకు అడుగుతున్నావో నువ్వు చెప్పక్కర్లేదు. నిన్ను చేరడానికి చిరునామా ఉంటే సరి. 'సార్, మీకు దీంతో పనేంటి' అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో, వాదన పెట్టుకోకు. ఇంజినీరింగ్ విభాగం పౌర సమాచార అధికారికి అని రాసి, అర్జీలు తీసుకునే ఇన్‌వర్డ్ కౌంటర్లో ఇచ్చి నీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకో. ముద్ర లేకపోతే ఇచ్చినట్టే లెక్క కాదు. వెళ్ళలేకపోతే స్పీడ్ పోస్టు. ఆ పని వేరే శాఖది అని తేలితే నిన్ను తిప్పకూడదు, 5 రోజుల్లో వాళ్లే ఆ శాఖకి పంపాలి.

జవాబుకి గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటలు అని ఇంకో నిబంధన ఉంది. నువ్వు దాని మీద కన్నేసే ఉంటావు, వద్దు. పాత బిల్లులకి అది వర్తించదంటారు, అర్జీ బరువు తగ్గుతుంది. నిజంగా బండ జారుతుంటే అర్జీలు రాస్తూ కూర్చోకుండా ఫోన్లు చెయ్యి, ఇంట్లోవాళ్లని కిందికి దించు.

30 రోజులు దాటితే తిరస్కరించినట్టే లెక్క, నకళ్లు కూడా ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోపు అప్పీలేట్ అధికారికి మొదటి అప్పీలు పెట్టు. దానికి ఫీజు లేదు. 'ఫైలు దొరకడం లేదు' అన్నా అప్పీలే. చట్టంలో మినహాయింపులు ఎనిమిది, తొమ్మిది సెక్షన్లలో రాసి ఉన్నాయి, ఫైలు దొరక్కపోవడం వాటిలో లేదు. అక్కడా కుదరకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్. అక్కడ మాత్రం ఓపిక కావాలి. రోజుకి 250 చొప్పున 25,000 దాకా అధికారికి జరిమానా వెయ్యగలిగేది కమిషనే. ఆ జరిమానా సెక్షన్ నంబరు మొదటి అర్జీలోనే రాసి బెదిరించకు. అలాంటి అర్జీలు చేతికొస్తే మా ఆఫీసులో ముందు వెతికేది ఫైలు కాదు, తప్పించుకునే దారి. సమాచార హక్కు చట్టం పేరుతో విజిటింగ్ కార్డులు కొట్టించుకుని కాంట్రాక్టర్ల దగ్గర వసూళ్లు చేసేవాళ్లూ ఉన్నారు. నిన్ను ఆ లెక్కలో వేసుకోనివ్వకు.

ఇదంతా మొదలెట్టే ముందు ఒకసారి మీ వార్డు సచివాలయానికి వెళ్లి వార్డు పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీని మర్యాదగా అడిగి చూడు. ఎస్టిమేటు అక్కడే చూపించినా చూపిస్తారు. మా కాలంలో ఆ సచివాలయాలు లేవు, నీకున్న సుఖం అది.

అర్జీ మళ్ళీ రాసి పంపు, ఒక పేజీ దాటనివ్వకు. ఎం-బుక్ నకళ్లు వచ్చాక ఫోటోలు తీసి పంపించు. అందులో ఏఈలు రాసే పొట్టి అక్షరాలు నీకు అర్థం కావు, నేను చదివి పెడతాను. అక్కయ్యని అడిగానని చెప్పు.

మావయ్య
బ్రాడీపేట, గుంటూరు