సిక్ లీవు ఇవ్వాలా వద్దా అనేది కంపెనీ డాక్టరు తేలుస్తారా?

తేల్చరు, సెలవు మంజూరు చేసేది యాజమాన్యమే, ఆయన ఇచ్చేది సలహా మాత్రమే. మనకు వైద్యం చేసే డాక్టరుకు జబ్బు తెలుసు, కానీ ఫ్యాక్టరీలో వేడి, ఎత్తాల్సిన బరువు, నైట్ షిఫ్టు తెలియవు. అవి తెలిసిన కంపెనీ డాక్టరే ఎప్పుడు, ఏ పనిలోకి రావచ్చో చెప్పగలరు. గాజువాకలో ఒక వెల్డర్‌కు నడుం డిస్కు జారిందనుకోండి. మూడు వారాల విశ్రాంతి తర్వాత కంపెనీ డాక్టరు నెలరోజులు బరువులెత్తని పని, డే షిఫ్టు ఇమ్మంటారు. అప్పుడు సెలవు సాగదీయక్కర్లేదు, నడుమూ పాడవదు. చాలామంది ఆయన్ని దొంగ సెలవులు పట్టుకోడానికి పెట్టిన మనిషనుకుని నొప్పి దాచేస్తారు, నిజంగా నష్టపోయేది అక్కడే. మేనేజరుకు జబ్బు వివరాలు అక్కర్లేదు, పనికి ఫిట్టా కాదా అన్నది చాలు. ఉద్యోగుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐ, జబ్బు సెలవు రోజులకు ఇచ్చే సిక్‌నెస్ బెనిఫిట్ (ఏడాదిలో 91 రోజుల వరకు, సగటు జీతంలో 70 శాతం) సంగతి వేరు, దానికి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ కావాలి.