ఐఫోన్‌లో ఏపీకే ఫైలు నడుస్తుందా?

ప్రశ్న: రొయ్యల చెరువుల్లో ఏరేటర్లను (నీళ్లలో గాలి కలిపే యంత్రాలను) ఫోను నుంచే ఆన్, ఆఫ్ చేసే యాప్ వాడుతున్నాను. స్టార్టరు అమ్మినవాళ్లు దాన్ని వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా పంపారు. ఈమధ్య మా అమ్మాయి ఐఫోన్ కొనిచ్చింది. అందులో ఆ ఫైలు పనిచేయడం లేదు. ఐఫోన్‌కు సరిపోయేలా మార్చుకోవచ్చా?
– ఒక రైతు, భీమవరం

జవాబు: కుదరదండీ. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌ను వేసుకునే ఫైలు. అందులో ఉండే కోడ్‌ను నడిపించే ఏఆర్‌టీ అనే వ్యవస్థ ఆండ్రాయిడ్‌లోనే ఉంటుంది. తెర మీద బటన్ చూపాలన్నా, అలారం మోగించాలన్నా ఆ యాప్ ఆండ్రాయిడ్‌నే అడుగుతుంది. ఐఫోన్‌లో అడిగితే పలికే నాథుడు ఉండడు. రెండు ఫోన్లలోనూ ఏఆర్‌ఎం రకం ప్రాసెసరే ఉన్నా ఫలితం ఇదే. ఏపీకేను ఐఫోన్ యాప్‌గా మార్చి ఇస్తామనే వెబ్‌సైట్ల జోలికి దయచేసి వెళ్లకండి. డబ్బుతో పాటు మీ వివరాలూ పోతాయి.

ముందు యాప్ స్టోర్‌లో ఆ కంపెనీ పేరుతో వెతకండి. లేకపోతే ఏరేటర్లను వెబ్ పేజీ నుంచి నడిపే వీలుందేమో అడగండి. ఉంటే ఆ పేజీని ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌లో తెరిచి, షేర్ గుర్తు నొక్కి, ‘యాడ్ టు హోమ్ స్క్రీన్’ ఎంచుకోండి. యాప్‌లాగే తెరుచుకుంటుంది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16.4 నుంచి ఇలాంటివాటికి నోటిఫికేషన్లు కూడా అందుతాయి, అయితే ఆ పేజీ తయారుచేసినవాళ్లు ఆ ఏర్పాటు చేసి ఉండాలి. స్టార్టరులో సిమ్ ఉంటే, ఎస్ఎంఎస్‌తోనో కాల్‌తోనో మోటారు వేసే పద్ధతి మాన్యువల్‌లో ఉందేమో చూడండి. అది ఏ రకం ఫోను నుంచైనా పనిచేస్తుంది.

ఇవన్నీ చెప్పినా, పాత ఆండ్రాయిడ్ ఫోను మాత్రం అమ్మకండి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. కరెంటు పోయినా, మోటారు ట్రిప్ అయినా మీకు ఆ క్షణమే తెలియాలి. కొత్త ఏర్పాటు నమ్మకంగా పనిచేస్తోందని తేలేవరకు ఆ ఫోనును మంచం పక్కనే చార్జింగులో ఉంచండి. సెట్టింగుల్లో బ్యాటరీ విభాగంలోకి వెళ్లి, ఈ యాప్‌కు ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి. లేకపోతే బ్యాటరీ ఆదా కోసం ఫోనే యాప్‌ను నిద్రపుచ్చవచ్చు. పంట మొత్తం ఆధారపడిన చోట ప్రయోగాలు వద్దు.

ప్రశ్న: విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచేవి కదా, ఇప్పుడు ఆ సదుపాయం కనిపించడం లేదెందుకు?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: మైక్రోసాఫ్ట్ 2025 మార్చి 5తో దాన్ని ఆపేసింది. బ్లూస్టాక్స్ వంటి ఎమ్యులేటర్‌ను (కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) దాని అధికారిక సైటు నుంచే వేసుకోండి. 8 జీబీ ర్యామ్ ఉంటే మేలు. బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ అనే ఆప్షన్ ఆన్ చేయాల్సి రావచ్చు. బ్యాంకు యాప్‌లను మాత్రం ఫోనులోనే వాడండి.