శనివారం గ్లాసు, మంగళవారం గ్లాసు

ప్రశ్న: మా కాలనీ చివర చిన్న వైన్ బార్ తెరిచారు. మొత్తం 12 టేబుళ్ళే. నేనూ మావారూ రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి శనివారం రాత్రి. రెడ్ వైన్ చాలా బాగుంది, కోడి వేపుడు రావడానికి మాత్రం 50 నిమిషాలు పట్టింది. అడిగితే ‘వస్తోంది మేడమ్’ అన్నారే గానీ మళ్ళీ ఎవరూ మావైపు చూడలేదు. రెండోసారి మంగళవారం. ఎంత మర్యాదగా చూశారో! వేపుడు పది నిమిషాల్లో పొగలు కక్కుతూ వచ్చింది. కానీ అదే వైన్ ఈసారి పుల్లగా, వాసనే లేకుండా ఉంది. చెబితే ‘వైన్ అంటే అలాగే ఉంటుంది’ అన్నారు. మా తోడికోడలు ఆ బార్‌ని మెచ్చుకోని రోజు లేదు. ఎదురింటివాళ్ళేమో జన్మలో ఆ గడప తొక్కం అంటున్నారు. పైగా బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జి వేశారు. ఎవరి మాట నమ్మాలి? మళ్ళీ వెళ్ళొచ్చా?
– ఎల్.పి., సికింద్రాబాద్

జవాబు: మీ తోడికోడలి మాటా నిజమే, ఎదురింటివాళ్ళ మాటా నిజమే. ఎవరు ఏ రోజు వెళ్ళారో అడిగి చూడండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చినవి ఆ రెండు వారాల పేర్లే.

వైన్ సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటుంది. గ్లాసుకు 150 చొప్పున ఐదు గ్లాసులు. శనివారం రాత్రి అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి తెరిచిన సీసా గంటలో ఖాళీ అవుతుంది. ఆ రోజు మీకు వచ్చింది అప్పుడే మూత తీసిన వైన్. ఆదివారం రాత్రి ఆఖర్న ఇంకో సీసా తెరిచి రెండు గ్లాసులే అమ్మారనుకోండి. మిగిలిన మూడు గ్లాసుల మీద గాలి పనిచేస్తూనే ఉంటుంది. ముందు పండు వాసన పోతుంది, తర్వాత పులుపు పైకి తేలుతుంది, ఇంకా ఉంచితే వెనిగర్ దారి పడుతుంది. బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెడ్ వైన్ రెండు మూడు రోజులు ఆగుతుంది. మన ఎండల్లో కౌంటరు మీదే వదిలేస్తే మర్నాటికే దెబ్బతింటుంది. మంగళవారం మీకు పోసింది అలా మిగిలినదే అని నాకు గట్టి అనుమానం.

వంటింటి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. 12 టేబుళ్ళ బార్‌కి వంటవాళ్ళు ఇద్దరో ముగ్గురో. శనివారం ఎనిమిదిన్నరకల్లా టేబుళ్ళన్నీ ఒక్కసారే నిండితే ఆర్డరు చీటీలు, హోటల్లో పనిచేసిన మేం కేఓటీలంటాం, బారులు తీరి వేలాడుతుంటాయి. మీ వేపుడు చీటీ వంతు వచ్చేసరికి ఆ ఆలస్యం. మంగళవారం బహుశా మీ ఒక్కరి కోసమే కడాయి పెట్టారు. వైన్ బాగున్న రోజు తిండి ఆలస్యం, తిండి బాగున్న రోజు వైన్ పాతది.

ఆలస్యాన్ని నేను క్షమిస్తాను, ‘ముప్పావుగంట పడుతుందండీ, ఈలోగా వేయించిన పల్లీలు తెమ్మంటారా’ అని ముందే చెప్పి ఉంటే. చెప్పకపోవడం వాళ్ళ తప్పు. ‘వైన్ అంటే అలాగే ఉంటుంది’ అన్నది అంతకంటే పెద్ద తప్పు. అయితే ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడని నేననుకోను. ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన షాపుల్లో బ్రాందీ, విస్కీ, బీరు కొనడమే చూస్తూ పెరిగి ఉంటాడు. తను పోసే వైన్ ఎలా ఉండాలో ఎవరూ అతనికి రుచి చూపించి ఉండరు.

నేను మాత్రం తెలిసే అన్నాను ఆ మాట. 1998లో, స్టీవార్డుగా, అంటే వడ్డించేవాడిగా, చేరిన రెండో ఏడు. పెళ్ళిరోజని ఒక జంట వచ్చారు. ఆవిడ వైన్ తాగడం అదే మొదటిసారట. రెండు గుక్కలు తాగి, నన్ను పిలిచి, పక్కవాళ్ళకి వినపడకుండా ‘బాబూ, ఇది ఇలాగే ఉంటుందా?’ అని అడిగింది. గ్లాసు చేతికి తీసుకోగానే తెలిసిపోయింది. రాత్రి నానేసిన చింతపండు వాసన. ఆ సీసా తెరిచి నాలుగు రోజులైంది. కొత్తది తెరిస్తే మేనేజరుకి లెక్క చెప్పుకోవాలి. ‘అలాగే ఉంటుందమ్మా’ అన్నాను. ఆవిడ నన్ను నమ్మింది. డబ్బు పెట్టారు కదా అని, కళ్ళు మూసుకుని కషాయంలా ఆ గ్లాసంతా తాగేసింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాత కెప్టెన్‌ని, అంటే స్టీవార్డుల మీద పెద్దని, అయ్యాక నేను చేసిన మొదటి పని, తెరిచిన ప్రతి సీసా మెడకీ తెల్ల టేపు ముక్క అంటించి, మార్కర్‌తో తేదీ, టైము రాయించడం. మూడో రోజుకి మిగిలితే అది వంటింటికి వెళ్ళేది, మటన్ ఉడికించడానికి. మేనేజరు రెండు నెలలు గొణిగాడు, నేను వినలేదు.

అందుకని మీరు మళ్ళీ వెళ్ళండి, మంగళవారమే వెళ్ళండి. గ్లాసు ఆర్డరు చేసేముందు ‘ఈ సీసా ఎప్పుడు తెరిచారు?’ అని అడగండి. అందుకు వైన్ గురించి ఏమీ తెలియనక్కర్లేదు, పాల ప్యాకెట్ మీద తేదీ చూసుకోవడం లాంటిదే. వాళ్ళు చూసొచ్చి చెబితే ఆ చోటు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. పోసింది పుల్లగా ఉంటే వాదించకండి. గ్లాసు వాళ్ళ చేతికే ఇచ్చి ‘ఒక్కసారి మీరు వాసన చూడండి’ అనండి.

కారం వేపుడుతో రెడ్ వైన్ వద్దు. అందులో వగరు కారానికి తోడై నోరు ఇంకా మండుతుంది. నాసిక్‌లో చేసే షెనిన్ బ్లాంక్ తెల్ల వైన్, కాస్త తీపి ఉన్న రకం, బాగా చల్లగా తెమ్మనండి. ఎండాకాలంలో రెడ్‌ని కూడా పది నిమిషాలు ఐసులో పెట్టమనండి. ‘రూమ్ టెంపరేచర్’ అన్న లెక్క యూరప్‌లో చలి ఇళ్ళది, 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో సికింద్రాబాద్ గది వేడి కాదు.

సర్వీస్ ఛార్జి కట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. బిల్లులో దానంతటదే వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. తీసేయమని అడగండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లులో జీఎస్టీ తిండి మీదే వేశారో లేదో కూడా చూడండి. తాగే మద్యం జీఎస్టీ కిందికి రాదు. ఆ మంగళవారం మిమ్మల్ని బాగా చూసుకున్న అబ్బాయికి ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి.

ప్రశ్న: సీసా ఆర్డరు చేస్తే రెండు గుక్కలు పోసి, నేను తాగి చెప్పేదాకా పక్కనే నిలబడ్డారు. అందరూ నన్నే చూస్తుంటే బాగుందనేశాను. నచ్చకపోతే వెనక్కి పంపొచ్చా?
– వి.ఎస్., బెంగళూరు

జవాబు: మీకు నచ్చిందా అని కాదండీ వాళ్ళు అడిగేది, పాడైందా లేదా అని. కోరి తెప్పించుకున్న వైన్ రుచి మీకు పడకపోతే ఆ బాధ్యత మీదే, సీసా ఉంచుకోవాలి. పాడైతే మార్చి ఇవ్వాల్సింది వాళ్ళు. తాగక్కర్లేదు కూడా. గ్లాసు ఒకసారి తిప్పి ముక్కు దగ్గర పెట్టుకోండి. వానలో తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా వల్ల వచ్చిన దోషం. ‘ఇది కార్క్ అయింది, ఇంకొకటి తెండి’ అంటే చాలు. మూత తిప్పి తీసే సీసాల్లో ఈ బెడద చాలా అరుదు.