ఊపిరితిత్తులు క్లియర్ అన్నారు, మరి ఉద్యోగం మానేయొచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరు హూడిలో ఉంటాం. సొంతూరు మదనపల్లె. మా వారికి 43 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. 2021 మేలో కోవిడ్ వచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. తర్వాత స్కాన్ తీసి ఊపిరితిత్తులు క్లియర్ అన్నారు. కానీ ఆ దసరాకే షుగర్ బయటపడింది. మెట్లెక్కితే గుండె దడ, సాయంత్రానికి నీరసం, మాట మధ్యలో మర్చిపోవడం ఇప్పటికీ ఉన్నాయి. పోయిన నెల కరెంటు బిల్లు రెండుసార్లు కట్టి, క్రెడిట్ కార్డు బిల్లు మర్చిపోయారు. ఉద్యోగం మానేసి మదనపల్లె టమాటా మండీలో మా అన్నయ్య దగ్గర లెక్కలు చూసుకుంటానంటున్నారు. ఇప్పుడున్న కంపెనీలో చేరి 4 ఏళ్ళ 4 నెలలైంది. చేతికొచ్చే జీతం 1,35,000, బేసిక్ 55,000. ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 1,02,000. హోమ్ లోన్ 40 లక్షలుంది, ఇంకా 17 ఏళ్ళు, వడ్డీ 8.5 శాతం. ఎఫ్‌డీ 14 లక్షలు, మ్యూచువల్ ఫండ్ సిప్ నెలకు 20,000. 2018లో తీసుకున్న కోటి రూపాయల టర్మ్ జీవిత బీమా పాలసీ ఉంది. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన 5 లక్షలదే. ఎఫ్‌డీలోంచి 10 లక్షలు లోన్‌కి కట్టేసి, టర్మ్ పాలసీ ఆపేసి, కొత్త హెల్త్ పాలసీ తీసుకుందామంటున్నారు. కోవిడ్, షుగర్ సంగతి ఫారంలో రాయొద్దని ఏజెంటు చెప్పాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే కరెంటు బిల్లు సంగతి దగ్గరే ఆగిపోయాను. లోన్, పాలసీ, ఎఫ్‌డీ అన్నీ దాని తర్వాతే. ముందు రిజైన్ లెటర్ మాట పక్కన పెట్టించండి. ఆయన తప్పుగా ఆలోచిస్తున్నారని కాదు. ఒంట్లో బాగోనప్పుడు మనిషి ఒక్కసారిగా అన్నీ తేల్చేసుకోవాలనుకుంటాడు. డబ్బు విషయంలో అలా తేల్చేసినవి మళ్ళీ వెనక్కి రావు.

నేను డాక్టర్ని కాను. అయినా ఈ నాలుగైదేళ్ళలో నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లో ఇదే కథ చాలాసార్లు విన్నాను కాబట్టి, డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నది చెబుతాను. కోవిడ్ వైరస్ మన కణాల్లోకి దూరేది ఏస్2 అనే తలుపు గుండా. ఆ తలుపు ఊపిరితిత్తుల్లోనే కాదు, గుండెలో, మూత్రపిండాల్లో, పేగుల్లో, రక్తనాళాల లోపలి పొరలో కూడా ఉంటుంది. అందుకే కొందరికి గుండె కండరం వాచింది, కొందరికి కాళ్ళలో రక్తం గడ్డకట్టింది, కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి కొత్తగా షుగర్ వచ్చింది. అమెరికాలో మాజీ సైనికుల వైద్య రికార్డులు పరిశీలించారు. అందులో కోవిడ్ వచ్చినవాళ్ళే లక్షన్నర మందికి పైగా ఉన్నారు. ఏడాది గడిచినా వాళ్ళలో గుండె జబ్బులు, పక్షవాతం మిగతావాళ్ళకన్నా ఎక్కువగా కనిపించాయని 2022లో తేల్చారు. కోవిడ్ వచ్చిన మూడు నెలల నాటికి ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే కారణం దొరకని లక్షణాలను కోవిడ్ అనంతర స్థితి అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచనం ఇచ్చింది. ఆయాసం, నీరసం, మతిమరుపు లాంటివి అందులో ముందు చెప్పినవే. మీ వారిది బద్ధకం కాదు, భయం కాదు. ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటుంటే ఈ ముక్క చదివి వినిపించండి.

అలాగని ప్రతి లక్షణాన్నీ కోవిడ్ మీదకి నెట్టేయకూడదు. థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగడం లాంటివి కూడా ఇలాగే ఉంటాయి, వాటికి మందులున్నాయి. ఒకసారి గట్టిగా పరీక్షలు చేయించండి. గుండెకి బన్నేరుఘట్ట రోడ్డు జయదేవ, మెదడు, నరాలకి హోసూరు రోడ్డు నిమ్హాన్స్ ఉన్నాయి. రెండూ ప్రభుత్వ సంస్థలే, ఖర్చు ప్రైవేటులో కంటే చాలా తక్కువ. లైన్లో నిలబడాలి, పొద్దున్నే వెళ్ళాలి. అయినా వెళ్ళండి. షుగర్ మందులు జన ఔషధి కేంద్రంలో కొనండి.

ఇప్పుడు డబ్బు లెక్కలోకి వద్దాం. ఈ జబ్బుతో వచ్చిన చిక్కేమిటంటే, ఖర్చంతా ఆస్పత్రిలో చేరకుండానే అయిపోతుంది. మూడు నెలలకోసారి షుగర్ సగటు పరీక్ష, ఈసీజీ, ఎకో, కిడ్నీలకి క్రియాటినిన్ పరీక్ష, కన్సల్టేషన్ ఫీజులు, నెలనెలా మందులు. మామూలు హెల్త్ పాలసీ చాలావరకు 24 గంటలు బెడ్ మీద ఉంటేనే పలుకుతుంది, వీటిలో చాలావాటికి పైసా ఇవ్వదు. అందుకే నెలకు 4,000 చొప్పున పక్కన పెట్టి ఒక వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతా డబ్బు మందులకి తప్ప ముట్టుకోకండి. ఆస్పత్రి బిల్లు కన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. అది జీతం ఆగిపోవడం. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసుకుంటే సరిపోతుందా అని మీకు అనిపించొచ్చు. అందులో జాబితాలో రాసిన జబ్బు, రాసినంత తీవ్రతలో వస్తేనే డబ్బిస్తారు. గుండెపోటు, డయాలసిస్ దాకా వెళ్ళిన కిడ్నీ, శాశ్వత లోపం మిగిల్చిన పక్షవాతం అన్నట్టు ఉంటుంది ఆ జాబితా. సాయంత్రానికి ఒళ్ళు తేలిపోవడానికి, మాట గుర్తుకు రాకపోవడానికి అందులో చోటు లేదు. అంటే ఈ నష్టానికి బీమా మీ 14 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే.

నెలకు 1,02,000 అంటే ఏడాదికి 12,24,000. పైన ఒక లక్షన్నర మందులకీ పరీక్షలకీ పట్టుకుంటే, ఆ ఎఫ్‌డీ సరిగ్గా ఒక్క ఏడాది మీ ఇంటిని నడుపుతుంది. అందులోంచి 10 లక్షలు లోన్‌కి కడితే ఏమవుతుందో కూడా లెక్క వేశాను, దాచకుండా చెబుతాను. ఇప్పుడున్న 37,100 ఈఎంఐనే కడుతూ పోతే లోన్ 17 ఏళ్ళకి బదులు పదేళ్ళలో తీరిపోతుంది. వడ్డీ 21 లక్షల దాకా మిగులుతుంది. ఆశ పుట్టే లెక్కే. మంచి ఆరోగ్యంతో ఉన్న మనిషి అడిగితే ఎక్కువ భాగం కట్టేయమనే చెబుతాను. కానీ మీ ఇంట్లో నాలుగు నెలలు జీతం ఆగితే, కట్టిన 10 లక్షల్లోంచి ఈ నెల ఈఎంఐకి సర్దుకుంటానంటే బ్యాంకు ఒప్పుకోదు. చేతిలో 4 లక్షలే ఉంటే నాలుగో నెలకల్లా బంగారం తాకట్టు దాకా వస్తారు. అందుకే ఇప్పుడు వద్దు.

మధ్యే మార్గం ఒకటుంది. కొన్ని బ్యాంకులు హోమ్ లోన్‌ని ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాగా ఇస్తాయి. మన డబ్బు అందులో ఉన్నన్ని రోజులూ అంతమేరకు వడ్డీ పడదు, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. వడ్డీ రేటు కాస్త ఎక్కువ ఉండొచ్చు. మీ బ్యాంకులో మార్చుకునే వీలుందా అని అడగండి. ఉంటే ఒక 6 లక్షలు అక్కడ పెట్టండి. మిగతా 8 లక్షలు రెండు బ్యాంకుల్లో, ఒక్కొక్కటి 5 లక్షల లోపు ఉండేలా, చిన్న చిన్న ఎఫ్‌డీలుగా విడగొట్టండి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల వరకే. లోన్ కాలపరిమితి 22 ఏళ్ళకి పెంచుకుందామని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడొద్దు. ఈఎంఐ తగ్గేది 3,600 మాత్రమే, మొత్తంగా అదనంగా కట్టేది దాదాపు 13 లక్షలు.

సిప్ 20,000 నుంచి 8,000కి తగ్గించండి, ఉన్న యూనిట్లు అమ్మకండి. దాని గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

ఉద్యోగం సంగతి. మీ వారు ఇంకో 8 నెలలు ఆగితే 5 ఏళ్ళు నిండి, ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ము చేతికొస్తుంది. గ్రాట్యుటీ లెక్క బేసిక్ 55,000ని 26తో భాగించి, 15తో, తర్వాత 5తో గుణిస్తే వస్తుంది. కనీసం 1,58,000. అది ఒక కారణమే. అసలు కారణం కంపెనీ హెల్త్ పాలసీ. ఉద్యోగంలో చివరి రోజుతో అది పోతుంది. కాబట్టి హెచ్ఆర్ దగ్గర వేరే మాట అడగమనండి. డాక్టరు రాసిన కాగితం పెట్టి ముందు మెడికల్ లీవు, తర్వాత ఇంటి నుంచి పని, వీలైతే లీడ్ బాధ్యత తగ్గించి తేలికైన ప్రాజెక్టు. జీతం ఒక ఇరవై వేలు తగ్గినా పర్వాలేదు, మీ ఖర్చుకి సరిపోతుంది. లీవులో ఉన్నన్నాళ్ళూ పాలసీ కొనసాగుతుందా అని హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగాలి. చాలామంది జాలిపడతారేమో, చులకన చేస్తారేమో అని చెప్పుకోరు. చెప్పకుండా పని తప్పులు చేసి పోగొట్టుకున్న ఉద్యోగాలు నేను చూశాను.

మండీ గురించి మీ అన్నయ్యగారు నొచ్చుకోకూడదు. నాదీ ఆ పక్క ఊరే, మదనపల్లె మండీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. సీజన్లో తెల్లారకముందే లారీలు, వేలం పాటలు, గంటకో రేటు, ఎవరి బాక్సులెన్నో నోటిలెక్క. మతిమరుపుతో బాధపడుతున్న మనిషికి అది తేలిక పని కాదు. నష్టం వస్తే బంధుత్వం మీద పడుతుంది. ఊరెళ్ళాలనే ఉంటే లీవులో ఒక నెల వెళ్ళి చూసి రమ్మనండి.

ఇక ఏజెంటు మాట. ఇది చదవగానే నాకు కోపం వచ్చింది. షుగర్ కోవిడ్ వల్ల వచ్చిందా, వంశంలో ఉందా, అప్పట్లో వాడిన స్టెరాయిడ్ల వల్లనా అన్నది డాక్టర్ల చర్చ. బీమా సంస్థకి అది ముందునుంచీ ఉన్న జబ్బు, అంతే. రాయకుండా పాలసీ తీసుకుంటే, పెద్ద క్లెయిము పెట్టిన రోజున పాత ప్రిస్క్రిప్షన్లు తవ్వి తీస్తారు. క్లెయిము పోతుంది, పాలసీ కూడా రద్దవ్వొచ్చు. అప్పుడు ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడు. అన్నీ రాయండి: ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులు, షుగర్, గుండె దడ. ప్రీమియం కొంత పెంచుతారు. 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బుకి క్లెయిము ఇవ్వకుండా గరిష్ఠంగా 36 నెలలే ఆపగలరు, అంతకుముందు 48 ఉండేది. షుగర్ ఉన్నవాళ్ళ కోసమే చేసిన పాలసీలు కూడా ఉన్నాయి, అడగండి. సొంతంగా తీసుకునే హెల్త్, టర్మ్ పాలసీలకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది.

కొత్త పాలసీకి ముందు ఇంకో దారి చూడండి. కంపెనీ గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. గ్రూప్‌లో గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాత జబ్బుకి క్లెయిము కోసం ఆగాల్సిన కాలంలో, కలుస్తుంది. ఇది ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టాల్సిన పని. ఆయనకి ఒక పాలసీ, మీకూ పిల్లలకీ కలిపి ఒకే కవరేజీ ఉండే ఫ్లోటర్ పాలసీ వేరేగా తీసుకోండి. అందరినీ ఒకే దాంట్లో పెడితే ఆయన క్లెయిముతో పిల్లల కవరేజీ కూడా ఆ ఏడాదికి కరిగిపోతుంది. క్లెయిము అన్యాయంగా తిరస్కరిస్తే ముందు సంస్థకి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. బెంగళూరులోనే ఆఫీసుంది, ఫీజు లేదు.

కాగితాల గురించి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. 2021లో మా బావగారు కోవిడ్ తగ్గి ఇంటికొచ్చారు. ఏడు వారాలకి ఎడమ పిక్క వాచి, నొక్కితే గుంట పడేది. రక్తం గడ్డకట్టిందని మళ్ళీ చేర్చారు. క్లెయిముకి మొదటి డిశ్చార్జి సమ్మరీ కావాలన్నారు. మా అక్క స్వీట్ షాపు కవరొకటి తెచ్చి నా టేబుల్ మీద గుమ్మరించింది. మందుల షాపు బిల్లులన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే చెరిగిపోతాయని మాకప్పుడు తెలియదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని తేదీలు చదవడానికి ఆ రాత్రంతా కూర్చున్నాం. సమ్మరీ దొరకలేదు, కొంత డబ్బు రాలేదు. మీరు ఈ వారమే 2021 నాటి కాగితాలన్నీ ఫోటోలు తీసి, ఒక కొత్త ఫైల్లో పెట్టండి. సమ్మరీ లేకపోతే ఆస్పత్రి రికార్డుల విభాగంలో నకలు అడగండి.

ఇప్పుడు కరెంటు బిల్లు దగ్గరికి. ఆయన అహం దెబ్బతినకుండా ఇంటి డబ్బు వ్యవహారం మీ చేతికి రావాలి. ఈఎంఐ, కరెంటు, ప్రీమియం, కార్డు బిల్లు మొత్తం ఆటో డెబిట్‌లో పెట్టండి. కార్డు వడ్డీ చాలాచోట్ల నెలకు మూడున్నర శాతం, ఆ పైన కూడా ఉంటుంది, ఒక్క మరుపు ఖరీదు చాలా ఎక్కువ. బ్యాంకు ఒప్పుకుంటే జీతం ఖాతాని జాయింటు చేయించండి. ప్రతి ఖాతాకీ, పీఎఫ్‌కీ నామినీ పేరు చూడండి. ఓటీపీ అడిగే ఫోన్ ఏదొచ్చినా మీకు ఇవ్వమనండి. ఆయన దీన్ని అవమానంగా తీసుకోకుండా, ఆదివారం కాఫీ తాగుతూ ఇద్దరూ కలిసి అరగంట కూర్చుని చూసుకోండి.

టర్మ్ పాలసీని మాత్రం ఏ పరిస్థితిలోనూ ఆపొద్దు. అది ఆయన పూర్తి ఆరోగ్యంగా ఉన్నప్పుడు, 2018లో, నిజాలు రాసి తీసుకున్నది. మూడేళ్ళు దాటిన పాలసీని బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం సంస్థ ప్రశ్నించడానికి వీల్లేదు. ఈ రోజు షుగర్, గుండె దడతో కోటి రూపాయలకి అడిగితే ఆ ప్రీమియంకి ఎవరూ ఇవ్వరు, అసలు ఇస్తారో లేదో కూడా చెప్పలేం. మీరు రాసినదాంట్లో పిల్లలకి అన్నిటికన్నా విలువైన కాగితం అదే. గడువు వచ్చే నెల అయినా, గడువు దాటాక ఇచ్చే గ్రేస్ పీరియడ్ దాకా లాగకండి. ఈ ఆదివారం కాఫీ దగ్గర మొదట ఆ ప్రీమియం కట్టేసి, రసీదు ప్రింటు తీసి ఆ కొత్త ఫైల్లో పైన పెట్టండి.