డైరెక్టర్ కుర్చీ సరే, అమ్మాయికి పాఠం చెప్పడం ఇష్టమేనా?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక తండ్రి రాశారు: 'మా అమ్మాయి ఎం.కాం. పూర్తిచేసింది. ఆన్‌లైన్ డిగ్రీలకు అడ్మిషన్లు చేయించే బెంగళూరు కంపెనీలో అకడమిక్ కౌన్సెలర్‌గా ఆఫర్ వచ్చింది. పదేళ్లలో ఏదో ఒక ఆన్‌లైన్ యూనివర్సిటీకి డైరెక్టర్ అయిపోవచ్చన్నారట. పంపాలా, పీహెచ్‌డీ చేయించాలా? పీహెచ్‌డీ అంటే పెళ్లి ఆలస్యమవుతుందని ఇంట్లో టెన్షన్. రెండూ పోల్చి చెప్పండి.'

ముందు ఆ ఉద్యోగం పేరు పక్కన పెట్టండి. నేను చూసినంతలో అది ఎక్కువగా ఫోన్లు చేసి అడ్మిషన్లు పట్టే పని. నెలకు ఇంతమందిని చేర్పించాలని టార్గెట్ ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఇద్దరు పిల్లలు అలాంటి కొలువుల్లో చేరి ఏడాది తిరక్కుండానే మానేశారు. జీతం వస్తుంది, మాట నేర్పూ వస్తుంది, కాదనను. బాగా చేస్తే సేల్స్ మేనేజర్ అవుతారు. కానీ డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, కంపెనీ కాదు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018 నిబంధనల్లో, యూనివర్సిటీని నడిపే వైస్ ఛాన్సలర్‌కు అడిగింది ప్రొఫెసర్‌గానో, పేరున్న పరిశోధన, విద్యా పాలన సంస్థలోనో పదేళ్ల అనుభవం. అడ్మిషన్ల లెక్క ఎవరూ అడగరు.

మన తెలుగాయన జి. రాంరెడ్డిగారినే చూడండి. ఉస్మానియాలో ప్రొఫెసర్, ఆ తర్వాత అక్కడే వైస్ ఛాన్సలర్. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో పెట్టినప్పుడు దానికి తొలి వైస్ ఛాన్సలర్, 1985లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)కూ ఆయనే. అప్పటికి ఇంటర్నెట్ లేదు, పాఠాలు పోస్టులో వెళ్లేవి. ఆయన ముందు పాఠం చెప్పారు, కుర్చీలు తర్వాత వచ్చాయి.

ఇక పెళ్లి మాట. కోపం తెచ్చుకోకండి, అది కెరీర్ ప్రశ్న కాదు, మీ భయం. పీహెచ్‌డీకి పట్టే ఏళ్లు లెక్కపెట్టిన మీరు, కంపెనీవాళ్లు చెప్పిన పదేళ్లను ఎందుకు లెక్కపెట్టలేదు? ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మాయికి ఏమిష్టమో ఒక్క వాక్యం కూడా లేదే!

అయినా అంత కంగారు వద్దు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు రాసే నెట్‌కు వయసు పరిమితి లేదు, పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు మాత్రమే ఉంది. ఏడాది బెంగళూరు వెళ్లొచ్చినా ఏ తలుపూ మూసుకుపోదు. ఇంట్లోనే ఉండి చదువుతానంటే ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం రెండూ ఊళ్లోనే ఉన్నాయి. ఈలోగా ఏదైనా డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పమనండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో ఆ సబ్జెక్టు కోర్సులు ఉచితంగా చూడొచ్చు. ఒక పాఠం తనే ఫోన్‌లో రికార్డు చేసి, క్లాసులో వెనక బెంచీ పిల్లలకు పంపి చూడమనండి. ఎంతమంది చివరిదాకా చూశారో తెలిస్తే ఆన్‌లైన్ చదువులో అసలు కష్టం ఎక్కడుందో తనకే అర్థమవుతుంది.

ఆఫర్ లెటర్‌లో టార్గెట్ గురించి ఏం రాశారో చదివించండి. తర్వాతి ఉత్తరం మీరు కాదు, అమ్మాయిని రాయమనండి.